ఇంట్లో వాడే బ్రీత్ ఎనలైజర్: ఆటలాడే పిల్లలున్నవాళ్ళు కొనాలా?

మ్యాచ్ గెలిచిన రాత్రి పిల్లలు పార్టీకి వెళ్ళొస్తుంటే, జేబులో పట్టే బ్రీత్ ఎనలైజర్ ఒకటి కొనిపెట్టుకుంటే పోలా అని చాలామంది తల్లిదండ్రులకు అనిపిస్తుంది. ఆన్‌లైన్లో డజన్లకొద్దీ దొరుకుతున్నాయి. చిన్న తెర, ఒక బటన్, ఊదడానికి ప్లాస్టిక్ గొట్టం, పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. లోపలి సెన్సర్ మాత్రం రెండు రకాలు, తేడా అంతా అక్కడే.

చవక వాటిలో ఉండేది సెమీకండక్టర్ సెన్సర్. వేడెక్కిన టిన్ ఆక్సైడ్ పూతకు ఆల్కహాల్ ఆవిరి తగిలితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పునే మీటరు అంకెగా చూపిస్తుంది. చిక్కేమిటంటే ఆ పూత సిగరెట్ పొగకూ, ఎసిటోన్‌కూ కూడా స్పందిస్తుంది. కుస్తీ, బాక్సింగ్, వెయిట్‌లిఫ్టింగ్ చేసే పిల్లలు బరువు కేటగిరీ కోసం కడుపు మాడ్చుకున్నప్పుడు ఒంట్లో కొవ్వు కరిగి ఊపిరిలోకి ఎసిటోన్ వస్తుంది. చుక్క ముట్టని పిల్లవాడు తాగినట్టు తేలతాడు. ఆ తర్వాత వాడు మీ మాట వినకపోతే తప్పు వాడిది కాదు. ఈ రకం కొననే కొనొద్దు.

రెండోది ఫ్యూయల్ సెల్ సెన్సర్. ప్లాటినం ఎలక్ట్రోడ్ మీద ఆల్కహాల్ ఆక్సీకరణం చెంది సన్నటి కరెంటు పుడుతుంది. ఆల్కహాల్ ఎంత ఎక్కువుంటే కరెంటు అంత ఎక్కువ. ఎసిటోన్‌ను ఇది పట్టించుకోదు. అయితే మరీ కఠినమైన డైట్‌లో శరీరమే ఎసిటోన్‌ను ఐసోప్రొపనాల్ అనే మరో రకం ఆల్కహాల్‌గా మార్చుకునే అవకాశం ఉంది, అది ఫ్యూయల్ సెల్‌ను కూడా అరుదుగా తప్పుదారి పట్టిస్తుంది. ఖరీదు ఎక్కువే. పైగా 6 నుంచి 12 నెలలకోసారి క్యాలిబ్రేషన్ (అంకె సరిగ్గా చూపేలా సరిచేయడం) చేయించాలి, లేకపోతే అంకె మెల్లగా గతి తప్పుతుంది. క్యాలిబ్రేషన్ ఎక్కడ చేస్తారో, సెన్సర్ విడిగా మార్చుకోవచ్చో లేదో కొనేముందే అడగండి.

వాడటంలో జరిగే తప్పులు ఎక్కువగా తొందరపాటువే. మౌత్‌వాష్, దగ్గు మందు, కొన్ని ఆస్తమా ఇన్‌హేలర్లలో ఆల్కహాల్ ఉంటుంది. నోట్లో మిగిలిన తడి ఆవిరై అంకెను ఆకాశానికి లేపుతుంది. నోట్లో ఏదైనా పడ్డాక 15 నిమిషాలు ఆగి, అప్పుడు ఊదించాలి. బుగ్గల్లో గాలి సరిపోదు, ఊపిరితిత్తుల అడుగు నుంచి వచ్చే గాలి కావాలి. అందుకే మీటరు బీప్ అనేదాకా ఒకే ఊపున ఊదాలి. ఒక్కసారితో తేల్చేయకండి. ఆఖరి గ్లాసు తర్వాత 30 నుంచి 90 నిమిషాల్లోగానీ రక్తంలో ఆల్కహాల్ పతాక స్థాయికి చేరదు. ఇంటికొచ్చిన వెంటనే రక్తంలో 0.03 శాతం చూపించినవాడు అరగంటకు 0.06 చూపించొచ్చు. తెర మీద యూనిట్ ఏదో కూడా చూసుకోండి. రక్తంలో 0.05 శాతం అంటే లీటరు ఊపిరిలో దాదాపు 0.24 మిల్లీగ్రాములు. రెండూ ఒకటే విషయం చెబుతున్నా అంకెలు వేరు.

ఇంత మంచి మీటరుకీ ఒక లోపం ఉంది, ఆటగాడి విషయంలో అదే పెద్దది. కాలేయం గంటకు సుమారు 0.015 శాతం చొప్పునే ఆల్కహాల్‌ను తీసేస్తుంది. కాఫీ తాగినా, చన్నీళ్ళ స్నానం చేసినా ఆ వేగం పెరగదు. రాత్రి 11కి 0.08 ఉన్నవాడు తెల్లవారుజామున నాలుగున్నరకు సున్నాకి వస్తాడు. ఆరింటి ప్రాక్టీసుకు మీటరు ‘సున్నా’ అంటుంది. హ్యాంగోవర్ ముదిరేది సరిగ్గా ఆ సున్నా దగ్గరే. ఒంట్లో నీటిని నిలిపే వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను ఆల్కహాల్ అణచడంతో రాత్రంతా మూత్రంలో నీళ్ళు పోయి ఉంటాయి. తెల్లవారుజాము నిద్ర ముక్కలు ముక్కలైపోయి, నిద్రలో ఊరే గ్రోత్ హార్మోన్ తగ్గి ఉంటుంది. కాలేయం ఆల్కహాల్ పనిలో పడి కొత్త గ్లూకోజ్ తయారు చేయడం తగ్గిస్తుంది కాబట్టి ఖాళీ కడుపున పరుగెత్తితే కళ్ళు తిరుగుతాయి. కండరం మాటకొస్తే, 2014లో అచ్చయిన ఒక ప్రయోగంలో కఠిన వ్యాయామం చేసిన యువకులకు కిలో బరువుకు 1.5 గ్రాముల ఆల్కహాల్ ఇస్తే, ప్రోటీన్ కూడా తీసుకున్నప్పటికీ కొత్త కండర ప్రోటీన్ తయారీ 24 శాతం తగ్గింది. ప్రోటీన్ బదులు పిండిపదార్థం తీసుకున్నప్పుడు 37 శాతం తగ్గింది. 60 కిలోలవాడికి అది 90 గ్రాములు, అంటే 5 శాతం బీరు 330 మిల్లీలీటర్ల సీసాలు ఏడు. టోర్నీ గెలిచిన రాత్రి కుర్రాళ్ళు ఆ లెక్క దాటడం వింతేమీ కాదు.

“డోపింగ్ లిస్టులో లేదుగా” అనే పిల్లలకు ఇదే జవాబు. ప్రపంచ డోపింగ్ వ్యతిరేక సంస్థ 2018లో ఆల్కహాల్‌ను జాబితా నుంచి తీసేసిన మాట నిజమే. అంతకుముందు ఉన్నది కూడా విలువిద్య లాంటి కొన్ని ఆటలకే. జాబితాలో లేనంతమాత్రాన ఒంటికి హాని చేయదని కాదు.

మీటరు పట్టనిదాన్ని పట్టడానికి మూత్రంతో చేసే ఈటీజీ స్ట్రిప్‌లు అమ్ముతారు. ఈటీజీ అంటే ఆల్కహాల్ నుంచి ఒంట్లో తయారయ్యే ఒక పదార్థం. తాగిన తర్వాత ఒకటి రెండు రోజులు, బాగా తాగితే మూడు రోజుల దాకా జాడ దొరుకుతుంది. చేతులకు పదే పదే శానిటైజర్ రాసుకున్నా పాజిటివ్ రావచ్చు. బాత్రూమ్ తలుపు దగ్గర కాపలా కాయాల్సిన ఈ పరీక్ష ఇంటికి తగదు.

అందుకే మీటరు కొన్నా ఒప్పందం చేసుకున్నాకే డబ్బా విప్పండి, అదీ సీజన్ మొదలవకముందే, పార్టీ రాత్రి కాదు. ఎప్పుడు ఊదాలో, అంకె వస్తే ఏం జరుగుతుందో ఇద్దరికీ ముందే తెలియాలి. బండి తాళాలు ఇవ్వరు, రెండు మ్యాచ్‌లు బయట కూర్చోవాలి అనుకుంటే, అది కోచ్‌కి కూడా ముందే తెలిసుండాలి. ఇంకో షరతు మీ వైపు నుంచి: ఏ వేళ ఫోన్ చేసినా వచ్చి తీసుకొస్తారు, అరుపులు ఉండవు, మాటలు మర్నాడు మధ్యాహ్నం. “కొంచెమైతే పర్లేదు” అన్న సడలింపు పెట్టకండి, ఆ కొంచెం ఎంతో ఎవరికీ తెలియదు. వద్దనడానికి పిల్లలకు ఒక సాకు కూడా కావాలి. “ఇంటికెళ్ళగానే ఊదాలి రా” అన్నది మొహమాటం లేకుండా తప్పుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. నా లెక్కలో ఈ యంత్రానికి పెట్టిన డబ్బు గిట్టేది ఇక్కడే. చెప్పకుండా, అనుమానంతో నిద్రలేపి ఊదిస్తే మాత్రం రెండోసారి వాళ్ళు స్నేహితుడి ఇంట్లోనే పడుకుంటారు.

ఒక్క పరిస్థితిలో మీటరు జోలికి పోవద్దు. పిలిస్తే లేవకపోయినా, నిమిషానికి 8 కంటే తక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, ఊపిరికీ ఊపిరికీ మధ్య 10 సెకన్లు దాటినా, ఒళ్ళు చల్లబడి పెదాలు నీలంగా మారినా వెంటనే అంబులెన్స్ పిలవాలి. అది వచ్చేదాకా పక్కకు తిప్పి పడుకోబెట్టి, పక్కనే ఉండాలి. ఒంటరిగా వదలకూడదు, బలవంతంగా కక్కించకూడదు. నొప్పులకని పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ ఏమైనా వేసుకున్నారేమో డాక్టరుకు చెప్పాలి.