రాజధానిలో మూడు రోజులు: గోలకొండ నుంచి సాలార్‌జంగ్ దాకా

ఖమ్మంలో ఉండేవాళ్లకు హైదరాబాదు కొత్త ఊరేమీ కాదు. ఆసుపత్రి పనికో, బంధువుల పెళ్లికో, పిల్లల కౌన్సెలింగుకో ఏడాదికి నాలుగైదుసార్లు వస్తూనే ఉంటాము. అయినా మావారు, నేను కేవలం ఊరు చూడడానికే వచ్చి మూడు రోజులు ఉండడం మా పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఇదే మొదటిసారి. గోలకొండ కోట, కుతుబ్ షాహీ సమాధులు, చార్మినార్, చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం చూశాము. వీటిలో దేనికి ఎంత సమయం కేటాయించుకోవాలో మాకు ముందుగా చెప్పినవారు లేరు కనుక, మా తరువాత వెళ్లేవారికి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు ప్రయాణ ఏర్పాట్ల సంగతి చెప్పాలి. కారు, డ్రైవరు, ఏ రోజు ఏమి చూడాలన్న కార్యక్రమం అన్నీ కలిపి ఒక ట్రావెల్స్ వారితో ఫోనులో మాట్లాడుకుని అడ్వాన్సు పంపాము. వారి కార్యక్రమం ప్రకారం మొదటి రోజు ఉదయం సాలార్‌జంగ్ మ్యూజియం, మధ్యాహ్నం చౌమహల్లా. ఆ మొదటి రోజు శుక్రవారం. ఆ రెండింటికీ వారపు సెలవు శుక్రవారమే. మ్యూజియం ఉన్న దారుల్‌షిఫాలో కారు దిగి మూసిన గేటు ముందు నిలబడినప్పుడు మాకు కలిగిన నిరాశ అంతా ఇంతా కాదు. తనకిచ్చిన కాగితంలో ఉన్నట్టే తీసుకొచ్చానని డ్రైవరు అన్నాడు. అందులో అతని తప్పు లేదు. ఊరు చూపించడమే వృత్తిగా పెట్టుకున్నవారికి ఈ సంగతి తెలియకపోవడం మాత్రం క్షమించదగినది కాదు. పైగా అదే కాగితంలో కుతుబ్ షాహీ సమాధులకు కేటాయించిన సమయం అరగంట! అందుచేత ఆ సేవకు ఐదుకు రెండు మార్కులకు మించి ఇవ్వలేను. ఆ రెండూ కూడా డ్రైవరు మర్యాదకే. బండి అక్కడే గోలకొండకు తిప్పమని, మరునాటి నుంచి ఆటోలు, మెట్రో చూసుకున్నాము.

ఆలోచిస్తే, గోలకొండతో మొదలుపెట్టడమే మంచిదయింది. నగరం పుట్టకముందు కోట ఉంది కాబట్టి చరిత్ర జరిగిన వరుసలోనే మేమూ నడిచినట్టయింది. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే ఆ శబ్దం కొండమీది బాలా హిస్సార్ దాకా వినిపిస్తుందని అందరూ చెప్పేదే. మావారు కింద ఆగారు, నేను పైకి ఎక్కాను, ఫోనులో మాట్లాడుకుని సరిచూసుకున్నాము, నిజంగానే వినిపించింది. సుమారు 360 మెట్లు. మోకాళ్ల నొప్పులు ఉన్నవారు ఎండ ముదరకముందే ఎక్కడం మొదలుపెట్టాలి. కానీ మమ్మల్ని కదలనివ్వకుండా నిలబెట్టింది రామదాసు బందిఖానా. కంచర్ల గోపన్నది మా జిల్లా నేలకొండపల్లి. పైకప్పులోని సందు నుంచి పడే కొద్దిపాటి వెలుతురు, గోడ మీద చెక్కిన రామలక్ష్మణుల, హనుమంతుడి రూపాలు, వాటి ముందు ఎవరో పెట్టి వెళ్లిన పూలు చూస్తుంటే, చిన్నప్పటి నుంచి భజనల్లో పాడుకున్న కీర్తనల్లోని ఆక్రోశానికి ఒక గది, ఒక గోడ, ఒక చీకటి ఉన్నాయని తెలిసి మావారి కళ్లు చెమ్మగిల్లాయి. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత ఔరంగజేబు సేనలు ఈ కోటను పట్టుకున్నాయి. చివరి కుతుబ్ షాహీ సుల్తాను తానీషా ఇక్కడి నుంచే బందీగా వెళ్లాడు.

మరునాడు ఉదయం తలుపులు తెరిచే వేళకే సమాధుల దగ్గరకు చేరుకున్నాము. నా లెక్కలో ఈ యాత్రలో మొదటి స్థానం దీనిదే, నిస్సంకోచంగా ఐదుకు ఐదు. కోట నుంచి కూతవేటు దూరంలో, ఇబ్రహీంబాగ్‌లో, ఒక రాజవంశమంతా ఒకేచోట నిద్రిస్తోంది, ఆ తానీషా తప్ప. దౌలతాబాదు చెరలో మరణించిన అతణ్ణి అటే ఖుల్దాబాదులో ఖననం చేశారు. చతురస్రపు వేదిక, చుట్టూ కమానుల వరండా, పైన తామర రేకుల మధ్య నుంచి లేచినట్టున్న గుమ్మటం. ఈ నమూనా అన్నింటిలోనూ ఒకటే అయినా ఒక తరం నుంచి మరో తరానికి కట్టడం ఎలా ఎత్తు పెరిగిందో, అలంకారం ఎలా చిక్కబడిందో నడుస్తూ నడుస్తూనే తెలిసిపోతుంది. ఇబ్రహీం కులీ సమాధి దగ్గర మేము ఎక్కువసేపు కూర్చున్నాము. రాజు కాకముందు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఏళ్ల తరబడి గడిపి, తెలుగు మీద మక్కువ పెంచుకుని, మన కవులచేత మల్కిభరాముడని పిలిపించుకున్నవాడు ఆయన. తెలుగువారు ఆ నల్లరాతి సమాధి ముందు రెండు నిమిషాలు ఆగడం న్యాయం.

ఇక్కడ ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర వారసత్వ శాఖ కలిసి చేసిన పునరుద్ధరణను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. గత శతాబ్దంలో మరమ్మతుల పేరిట పూసిన సిమెంటును ఓపికగా ఒలిచివేసి, పాత పద్ధతిలో సున్నపు గచ్చు చేయించారు. గచ్చు మీద చెయ్యి ఆనిస్తే, ఎండలో కూడా చల్లగా, నున్నగా, గుడ్డు పెంకులా తగిలింది. కూలిపోయిన బడీ బావిని తిరిగి కట్టారు. ఇప్పుడు అందులో నీళ్లున్నాయి, మెట్ల అంచున నిలబడితే కమానుల నీడ నీటిలో వణుకుతూ కనిపిస్తుంది. గోలకొండ మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది. శవాలకు ఆఖరి స్నానం చేయించిన హమామ్‌ను కూడా వదలకుండా చూడండి. మూడు గంటలు ఉన్నాము, ఇంకో గంట ఉన్నా విసుగు వచ్చేది కాదు. చెట్ల నీడ, కూర్చోవడానికి చోటు ఉన్నాయి కాబట్టి నడవలేని పెద్దలను వెంట తెచ్చుకున్నా ఇబ్బంది ఉండదు.

ఆ మధ్యాహ్నం చార్మినార్‌కు వెళ్లాము. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఈ కట్టడం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇరుకైన మెట్లు ఎక్కి మొదటి అంతస్తు నుంచి నాలుగు దిక్కులా సాగే బజార్లను చూడడం బాగుంది. శనివారం జనంలో అక్కడికి చేరుకోవడం మాత్రం కష్టమయింది. చౌమహల్లాలో ఖిల్వత్ దర్బారు మందిరం, అందులో వేలాడే 19 బెల్జియం షాండ్లియర్లు, ఆవరణలోని పాత కార్లు చూసి గంటన్నరలో బయటపడ్డాము. వైభవం ఉంది, శుభ్రత ఉంది. ఐదుకు నాలుగు.

ఆదివారం పొద్దున్న ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్) వరకు మెట్రోలో, అక్కడి నుంచి ఆటోలో సాలార్‌జంగ్‌కు వెళ్లాము. నిజాం దగ్గర ప్రధానమంత్రిగా పనిచేసిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితకాలమంతా సేకరించిన వస్తువులతో 1951లో సాలార్‌జంగుల నివాసమైన దివాన్ దేవ్డీలో ప్రారంభమై, 1968లో ఈ భవనానికి మారిన మ్యూజియం ఇది. ఒక్కరోజులో అంతా చూడాలనుకుంటే ఏదీ చూసినట్టు ఉండదు. అందుకని మేము ముందుగానే నాలుగు వస్తువులు అనుకుని వెళ్లాము. బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా దగ్గర ముఖం మీది ముసుగు పాలరాయి అని బుద్ధికి తెలిసినా కన్ను ఒప్పుకోదు. తడి పల్చటి బట్ట కింద కనురెప్ప కదులుతుందేమో అనిపిస్తుంది. దీన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీలో కొన్నాడు. ఒకే దుంగలో ముందువైపు ఫౌస్ట్ నాటకంలోని దయ్యం మెఫిస్టోఫెలీస్, వెనుకవైపు అదే నాటకంలోని నాయిక మార్గరెట్టా తలవంచుకుని ఉన్న జంట శిల్పం ముందు, అద్దంలో ఆమె కనిపించే కోణం దొరికేదాకా నిలబడాలి. నూర్జహాన్ కత్తి ఉన్న పచ్చరాయి గది మూడోది.

నాలుగోది గడియారం. పన్నెండు కావడానికి పావుగంట ముందే వెళ్లి కూర్చోండి, తరువాత చోటు దొరకదు. గడియారం లోపల ఒక చిన్న కమ్మరి క్షణానికొక దెబ్బ చొప్పున సుత్తితో కొడుతూనే ఉంటాడు. గంట కావస్తుండగా చిన్న తలుపు తెరుచుకుని గడ్డం మనిషి బయటికి వచ్చి, గంట మీద ఒక్కో దెబ్బ కొట్టి లోపలికి వెళ్లిపోతాడు. పన్నెండు గంటలకు పన్నెండు దెబ్బలు కనుక అప్పుడే ఎక్కువసేపు చూడవచ్చు. దాదాపు రెండు వందల మంది ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యారు. ముందు వరుసలో ఒక పాప వేళ్ల మీద లెక్కపెడుతూ, పదకొండు దగ్గర వేళ్లు చాలక వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుంది. ఐదుకు ఐదు.

పైగా అనే ప్రభువంశం వారి సమాధులు, పబ్లిక్ గార్డెన్స్‌లోని ఈజిప్టు మమ్మీ, పురానీ హవేలీ ఈసారి కుదరలేదు. మూసీ వంతెన దాటి ఎంజీబీఎస్‌లో ఖమ్మం బస్సు ఎక్కేముందు మావారు అడిగిన మొదటి ప్రశ్న, సంక్రాంతి సెలవుల్లో శుక్రవారం ఏ రోజు పడుతుందని.