పదహారులోంచి రెండు తీసేస్తే: వోల్కా బీట్స్‌తో ఆరేళ్లు

ముందే చెప్పేస్తున్నాను, ఇది మొత్తం మెషీన్ మీద సమీక్ష కాదు. ఆరేళ్లుగా నా దగ్గరున్న కోర్గ్ కంపెనీ చిన్న డ్రమ్ మెషీన్ వోల్కా బీట్స్‌లో ఒకే ఒక్క సౌకర్యం గురించి రాస్తున్నాను. దాని పేరు యాక్టివ్ స్టెప్. 2013లో వచ్చిన మోడల్ ఇది. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము చప్పుడు) ఎంత బాగుంటుందో, స్నేర్‌ని (చిన్న డ్రమ్ము చప్పుడు) జనం ఎందుకు తిడతారో మీరు ఈపాటికి వినే ఉంటారు. నేను స్నేర్ జోలికే పోను కాబట్టి ఆ గొడవ నాకు లేదు.

నాది విజయనగరం. పగలు బ్యాంకు పని. పెళ్లికి ముందు నాలుగేళ్లు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించాను. ఆక్టోప్యాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్స్) పక్కన నిలబడి వాయించినవాళ్లకి డ్రమ్ మెషీన్ అంటే పెద్ద వింతేమీ ఉండదు. కానీ సొంతంగా ఒకటి కొనుక్కోవాలన్న ఆశ మాత్రం నలభై దాటాక గానీ తీరలేదు. విశాఖలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని టెక్నో చేసేద్దామనుకున్నాను. చేశాను కూడా, ఓ రెండు నెలలు. వినేవాళ్లు లేరు, నాకే విసుగొచ్చింది.

విసుగు ఎక్కడంటే, ఆ పదహారు మెట్ల దగ్గర. రోలండ్ టీఆర్-808 1980లో వచ్చింది. అప్పటినుంచీ డ్రమ్ మెషీన్ అనగానే అందరి కళ్ల ముందూ కనబడేది ఒక వరసలో పదహారు బటన్లు, నాలుగు నాలుగ్గా. ఒక్కో బటన్ ఒక మెట్టు, అంటే దెబ్బ పడే ఒక చోటు. హిందీ సినిమా పాటలకి వాయించే చరణ్‌జిత్ సింగ్ 1982లో బొంబాయిలో కూర్చుని అదే 808తో, టీబీ-303, జూపిటర్-8 అనే సింథసైజర్లతో పది రాగాలు రికార్డు చేశాడు. ఎన్నిసార్లు విన్నా ఆశ్చర్యమే. కానీ గమనించండి, రాగాలు మెషీన్‌లోకి దిగాయి గానీ కింద నడిచింది మాత్రం డిస్కో నాలుగే. ఐదు, ఏడు లెక్కల్లో నడిచే మన చాపు తాళాలకి అందులో చోటు దొరకలేదు. నేను ఆర్కెస్ట్రాలో వాడిన కీబోర్డుల్లోనూ అంతే. వాల్ట్జ్ నొక్కితే మూడు వస్తుంది, మిగతావన్నీ నాలుగు. ఏడు కావాలంటే చేత్తో కొట్టుకోవాల్సిందే.

యాక్టివ్ స్టెప్ చేసే పని చాలా చిన్నది. ఫంక్షన్ (FUNC) బటన్‌తో అందులోకి వెళ్తే పదహారు మెట్లూ వెలిగి ఉంటాయి. వద్దనుకున్న మెట్టు మీద వేలు ఆనిస్తే అది ఆరిపోతుంది. ఇక దాన్ని మౌనంగా వాయించదు, అసలు దాటేస్తుంది. అంటే 15, 16 ఆర్పేస్తే పద్నాలుగో మెట్టు నుంచి నేరుగా ఒకటికి దూకుతుంది. ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు, కురచైపోతుంది.

వరస చివర కత్తిరించే వీలు పాత మెషీన్లలోనూ ఉంది, 808లోనే ఉంది. ఇందులో గొప్పేమిటంటే, మధ్యలోంచి కూడా పీకేయొచ్చు. అదీ పాట నడుస్తుండగానే. ఐదో మెట్టు తీస్తే నాలుగు, ఆరు పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి. తీసిన మెట్టులో మీరు పెట్టిన దెబ్బ ఎక్కడికీ పోదు, మళ్లీ వేలు ఆనిస్తే తిరిగొస్తుంది. ఎనిమిది అక్షరాల ఆదితాళం అలాగే ఉంచి దానికే రెండు పళ్లు ఊడదీసి ఏడు అక్షరాల మిశ్రచాపు చేయొచ్చన్నమాట. కొన్నాక నెలల తరబడి ఈ బటన్‌ని పట్టించుకోలేదు. ఒక ఆదివారం మా అమ్మాయి పక్క గదిలో వయొలిన్ సాధన చేస్తుంటే నేను ఊరికే చేతికొచ్చినవి ఆర్పుతూ కూర్చున్నాను. ఉన్నట్టుండి లోపల కిక్, బయట వయొలిన్ ఒకే చోట పడ్డాయి. లేచి గది తలుపు తీసి, మెషీన్ స్పీకర్‌ని అటు తిప్పాను.

మిశ్రచాపుకి నేను పెట్టుకున్నది చెబుతాను, కావాలంటే మీరూ పెట్టుకోండి. అక్షరానికి రెండు మెట్లు, ఏడు అక్షరాలకి పద్నాలుగు. ఒకటో మెట్టు మీద కిక్. తకిట అయ్యాక తకధిమి మొదలయ్యే నాలుగో అక్షరం ఏడో మెట్టు మీద పడుతుంది, ఆరో అక్షరం పదకొండో మెట్టు మీద. ఆ రెండు చోట్లా క్లాప్. బేసి మెట్లన్నిటి మీదా మూసిన హైహ్యాట్, శబ్దం బాగా తగ్గించి. మూడో మెట్టు మీద లో టామ్ ఒకటి మెత్తగా వేస్తే మృదంగం ఎడమవైపు తొప్పి మీద అరచేయి ఆనించినట్టు ఉంటుంది. అగోగో అనే గంట చప్పుడుకి స్పీడు తగ్గిస్తే ఇత్తడి చెంబు మీద చెంచాతో కొట్టిన చప్పుడొస్తుంది. నాకది ఇష్టం, మా ఆవిడకి కాదు. ఐదు అక్షరాల ఖండచాపుకైతే పది మెట్లు, దెబ్బలు ఒకటి, ఐదు, ఏడు మీద.

మా అమ్మాయి ఏడో తరగతి నుంచి వయొలిన్ నేర్చుకుంటోంది. ఈ ఊళ్లో వయొలిన్ అంటే మామూలు సంగతి కాదు కదా. 1919లో మొదలైన సంగీత కళాశాల, అందులో వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు... ఆ పేర్ల బరువు పిల్లల మీద ఎలాగూ ఉంటుంది. మా అమ్మాయికి మిశ్రచాపు కీర్తన వచ్చినప్పుడల్లా అనుపల్లవిలో ఏడు కాస్తా ఎనిమిదైపోయేది. నిద్ర లేచింది మొదలు చెవిన పడేవన్నీ నాలుగు లెక్కలే, దాని తప్పేముంది. మెషీన్ పెట్టాక పది రోజుల్లో దారిలో పడింది. ఎర్ర లైటు పద్నాలుగు దాకా పరిగెత్తి 15, 16 ఖాళీగా వదిలేసి ఒకటికి దూకడం చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది, ఇక్కడ ఏదో లేదు, ఆ లేకపోవడమే తాళం అని. నేను చాలా గర్వపడ్డాను. కొన్నందుకు డబ్బు వచ్చేసింది అని మా ఆవిడతో అన్నాను కూడా.

తర్వాత జరిగింది అంత గర్వంగా చెప్పుకునేది కాదు.

కిందటేడాది దసరాకి ఇల్లు నిండా చుట్టాలు. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం కాబట్టి మా ఇంట్లో పండగ ఓ వారం ఎక్కువే. మా బావమరిది గిటార్ వాయిస్తాడు. మెషీన్‌లో సెల్స్ అయిపోయాయి, ఆరు కావాలి, ఇంట్లో నాలుగే ఉన్నాయి. "తొమ్మిది వోల్టులే కదా బావా, నా పెడల్‌ది ఉంది" అని తన అడాప్టర్ ఇచ్చాడు. పిన్ను సైజు తేడాగా ఉంటే మధ్యలో ఓ మార్పిడి ముక్క తగిలించాడు. నేను చూసుకోకుండా గుచ్చేశాను. ఒక్క లైటూ వెలగలేదు. పిన్ను వదులుగా ఉందేమోనని మళ్లీ పీకి, మళ్లీ గుచ్చాను. రెండోసారి గుచ్చడం ఎందుకో ఇప్పటికీ తలుచుకుని తిట్టుకుంటాను. పాత ట్యూబ్‌లైట్ చోక్ కాలినప్పుడు వచ్చే వాసన సన్నగా వచ్చింది. మర్నాడు ఆరు కొత్త సెల్స్ వేసినా లేవలేదు.

గంటస్తంభం దగ్గర సందులో ఆంప్లిఫయర్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏటి బాబూ, ఏది ఎక్కించీసినారు దీనికి?" అన్నాడు. అడాప్టర్ చూపించాను. మీటరు పెట్టి చూసి నవ్వాడు. గిటార్ పెడల్స్‌కి పిన్ను మధ్యలో మైనస్ ఉంటుంది. దీనికి మధ్యలో ప్లస్ కావాలి. మెషీన్ వెనకాల గుండ్రటి బొమ్మ వేసి మరీ చెప్పారు, చదివిందెవడు? తప్పు పూర్తిగా నాదే, బావమరిదిని అన్న మాటలు తర్వాత వెనక్కి తీసుకున్నాను. లోపల చిన్న భాగమేదో మాడింది, అది విశాఖ నుంచి తెప్పించి వేస్తానన్నాడు. మూడు వారాలు పట్టింది, మూడు వందల యాభై తీసుకున్నాడు. నా పాటర్న్లు అలాగే ఉన్నాయి.

ఆ మూడు వారాల్లోనే అసలు విషయం బయటపడింది. క్లాసులో మా అమ్మాయికి మిశ్రచాపు మళ్లీ తప్పడం మొదలైంది. అదీ పాత పద్ధతిలో కాదు, ఎనిమిదికి జారడం లేదు, ఏకంగా మధ్యలో ఆగిపోతోంది. ఒక సాయంత్రం నేను తీసుకురావడానికి వెళ్లేసరికి మాస్టారు కమాను ఆపించి అడుగుతున్నారు. "అమ్మా, ఆ గోడ మీద ఏం వెతుకుతున్నావు?" గోడ మీద ఏమీ లేదు. ఇంట్లో మెషీన్ దానికి ఎడమవైపు బల్ల మీద ఉంటుంది. క్లాసులో ఎడమవైపు ఉన్నది సున్నం వేసిన గోడ. ఏడాదిగా అది తాళం వింటోందనుకున్నాను, చూస్తోందని తెలియలేదు. మాస్టారికి నేను సంగతి చెప్పలేదు, సిగ్గేసింది. దారిలో స్కూటర్ మీద వెనక నుంచి అదే చెప్పింది, "లైటు లేకపోతే ఏడు ఎక్కడ అయిపోతుందో తెలీట్లేదు నాన్నా."

మెషీన్ తిరిగొచ్చిన రోజునే దాని మీద చేతిరుమాలు కప్పాను. టెంపో నాబ్ ఒక్కటి బయటికి ఉండేలా మడత పెట్టి. అంటే, పైన నేను మెచ్చుకున్న ఆ లైటు ఇప్పుడు మా ఇంట్లో కనబడదు. చప్పుడు మాత్రమే వస్తుంది. క్లాప్ కూడా తీసేసి ఒక్క కిక్కే ఉంచి, సమం, అంటే తాళం మొదలయ్యే దెబ్బ, తప్ప ఏదీ వినబడకుండా సాధన చేయమన్నాను. రెండు నెలలు పట్టింది. తొడ మీద చేత్తో వేసుకోవడం అప్పటికి మళ్లీ అలవాటైంది. అప్పుడప్పుడు రుమాలు మూల ఎత్తి చూస్తుంటుంది, నేను పేపర్ చదువుతున్నట్టు ఉండిపోతాను.

ఇంకో లోటు కూడా చెప్పాలి. మెట్టు ఆర్పితే అన్ని వాయిద్యాలకీ ఒకేసారి ఆరిపోతుంది. కిక్‌కి ఏడు, హ్యాట్‌కి ఎనిమిది అంటే కుదరదు. సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆదిభట్ల నారాయణదాసు గారు రెండు చేతులూ రెండు కాళ్లూ తలా కలిపి ఒకేసారి ఐదు తాళాలు వేసేవారని చెప్పుకునే ఊరు ఇది. ఇక్కడ ఒక్క తాళమే పట్టుకునే పెట్టెను పొగడాలంటే కొంచెం మొహమాటంగానే ఉంటుంది. దీనికి విరుగుడుగా ఇదే వరసలోని బాస్ సింథసైజర్ వోల్కా బాస్ ఒకటి కొని, రెండూ ఒకే వేగంతో నడిచేలా మధ్య సింక్ తీగ వేశాను. దీనిలో పద్నాలుగు, దానిలో పదహారు. ఎనిమిది మిశ్రచాపులు, ఏడు ఆదితాళాలు అయ్యాక, 112వ మెట్టు దాటి రెండూ ఒకచోట కలుస్తాయి. టెంపో 120లో పెడితే సరిగ్గా పద్నాలుగు సెకన్లు. ఆ కలిసే క్షణం కోసం ఎదురుచూడటం మాత్రం, ఎన్నిసార్లు విన్నా, కచేరీలో మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనంలో చివరి ముక్తాయింపు, కోర్వై, దిగేటప్పుడు ఉండే టెన్షనే. టెక్నో మీద విసుగు పోయింది ఇక్కడే.

మరి మిశ్రచాపు నెమ్మదిగా పాడితే? అక్షరానికి నాలుగు నడకలు కావాలంటే 28 మెట్లు, ఉన్నవి పదహారే. విలంబంలో, అంటే నెమ్మది నడకలో, అక్షరానికి రెండే దెబ్బలు దూరదూరంగా పడి పలచగా ఉంటుంది. మధ్యమకాలానికి, అంటే కాస్త వేగమైన నడకకి, సరిపోతుంది, అంతకన్నా ఆశించకండి.

కొనమంటారా అని మా ఆఫీసులో ఒకరిద్దరు అడిగారు. ఇంట్లో మృదంగం తెలిసినవాళ్లు ఉంటే అక్కర్లేదు, వాళ్ల పక్కన కూర్చోండి. మా ఇంట్లో లేరు. సాధన రాత్రి తొమ్మిది తర్వాతే కుదురుతుంది, ఆ వేళకి ఎవరొస్తారు? కరెంటు పోయినా సెల్స్ మీద నడుస్తుంది, స్పీకర్ దానిలోనే ఉంది, మాకు పనికొచ్చింది. నృత్యం పాటలు, నాలుగు లెక్క పాటలు చేసుకునేవాళ్లు ఈ యాక్టివ్ స్టెప్‌ని ఆరేళ్లలో ఒక్కసారి కూడా నొక్కకపోవచ్చు. వాళ్లకి నా మాట పనికిరాదు.

వచ్చే ఏడాది అమ్మాయి చదువుకి వేరే ఊరు వెళ్లొచ్చు. మెషీన్ తను పట్టుకెళ్తుందా, నా దగ్గర ఉంటుందా అన్నది ఇంకా తేలలేదు. సరైన అడాప్టర్ ఒకటి కొని, దాని పిన్ను మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టి ఉంచాను.