ఆటోరన్స్: ఏళ్ల తరబడి వాడాక

విండోస్ కంప్యూటర్ ఆన్ చేయగానే మనం పిలవకుండానే ఏమేం మొదలవుతున్నాయో మొత్తం ఒక్క చోట చూపించే ఉచిత పనిముట్టు ఆటోరన్స్. మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ తయారుచేసిన సిస్‌ఇంటర్నల్స్ పనిముట్లలో ఇదొకటి. 2006లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనేసింది కాబట్టి దించుకోవాల్సింది మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే. కొద్ది ఎంబీల జిప్ ఫైలు, ఇన్‌స్టాల్ అక్కర్లేదు. ఇది యాంటీవైరస్ కాదని ముందే తెలుసుకోవాలి. ఏది మంచిదో ఏది చెడ్డదో చెప్పదు. జాబితా మన ముందు పెడుతుంది, తేల్చుకోవాల్సింది మనమే. అది నచ్చనివాళ్లకు ఇది పనికిరాదు.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇళ్లలో కంప్యూటర్‌కి జబ్బు ఎక్కువగా పెన్‌డ్రైవ్‌తోనే వస్తుంది. పిల్లల ప్రాజెక్టు ప్రింటుకని, ఒడియాలో దరఖాస్తు టైపు చేయించడానికని అదే పెన్‌డ్రైవ్ పాతపట్నం జిరాక్స్ షాపు నుంచి పర్లాకిమిడి డీటీపీ షాపు దాకా తిరుగుతుంది. తిరిగొచ్చేసరికి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు. అసలు ఫైళ్లు ఎక్కడికీ పోవు, దాచిన ఫైళ్లుగా మారి అక్కడే ఉంటాయి. ఒక్కోసారి పేరు లేని ఫోల్డర్‌లోకి చేరతాయి. షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టార్గెట్ గడి చూస్తే గుట్టు తెలుస్తుంది. ఫోల్డర్ దారి ఉండాల్సిన చోట ఎక్కువగా డబ్ల్యూస్క్రిప్ట్ (స్క్రిప్టులు నడిపే విండోస్ ప్రోగ్రామ్) పేరు, దాని వెనక ఏదో వీబీఎస్ ఫైలు (స్క్రిప్టు, అంటే కంప్యూటర్‌కి ఆదేశాలు రాసిన ఫైలు) పేరు ఉంటాయి. డబుల్ క్లిక్ చేస్తే స్క్రిప్టు నడుస్తుంది, ఫోల్డరూ తెరుచుకుంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

ఆటోరన్స్‌ని అడ్మినిస్ట్రేటర్‌గానే తెరవాలి, లేకపోతే అన్నీ చూపించకపోవచ్చు. ఆప్షన్స్‌లో స్కాన్ ఆప్షన్స్‌కి వెళ్లి కోడ్ సంతకాల (ఫైలు ఏ కంపెనీదో రుజువు చేసే డిజిటల్ ముద్రల) తనిఖీ, వైరస్‌టోటల్ (ఫైలుని చాలా యాంటీవైరస్ ఇంజన్లతో పోల్చి చూసే సైటు) తనిఖీ రెండిటికీ టిక్ పెట్టి మళ్లీ స్కాన్ చేయించాలి. వైరస్‌టోటల్‌కి వెళ్లేది ఫైలు హాష్ (ఫైలు నుంచి లెక్కకట్టిన చిన్న గుర్తు) మాత్రమే కాబట్టి నెట్ నెమ్మదిగా ఉన్నా పని అవుతుంది. తెలియని ఫైళ్లను పంపించమనే మూడో టిక్ మాత్రం పెట్టకండి. అది పెడితే ఫైళ్లే వెళ్లిపోతాయి. తర్వాత మైక్రోసాఫ్ట్ ఎంట్రీలు దాచే ఆప్షన్ పెడితే వందల వరుసలు కాస్తా చూడగలిగినన్ని అవుతాయి. అయితే వేరే ఫైళ్లను నడిపించే డబ్ల్యూస్క్రిప్ట్, రన్‌డీఎల్ఎల్32, పవర్‌షెల్ కూడా మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్నవే. దొంగ వాటి భుజాల మీద ఎక్కి వస్తాడు. అందుకని రెండోసారి ఆ దాపరికం తీసేసి లాగాన్, షెడ్యూల్డ్ టాస్క్స్, సర్వీసెస్ ట్యాబ్‌లు ఒకసారి చూడాలి. వరుస మీద క్లిక్ చేస్తే కింది గడిలో పూర్తి కమాండ్ కనిపిస్తుంది. ప్రోగ్రామ్ పేరు కంటే దాని తోకలో ఏ ఫైలు ఉందో ముఖ్యం. తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్‌లోని వీబీఎస్‌ని డబ్ల్యూస్క్రిప్ట్ రోజూ లేపుతోందంటే ఇంకేం ఆలోచించక్కర్లేదు.

రంగులు చూసి తీర్పు చెప్పేయడం చాలామంది చేసే పొరపాటు. గులాబీ రంగంటే ప్రచురణకర్త వివరం లేదనో, సంతకం సరిపోలలేదనో అర్థం, అంతే. పసుపు రంగంటే ఎంట్రీ ఉంది, ఫైలు లేదని. పాత ప్రింటర్ డ్రైవరు, వేలిముద్ర యంత్రం తాలూకు సర్వీసు, ఒడియా కీబోర్డు సాఫ్ట్‌వేరు కూడా గులాబీలో కనిపించొచ్చు. అవి పీకేస్తే మర్నాడు జనసేవా కేంద్రం పని ఆగిపోతుంది. ప్రోగ్రామ్‌లు తమ సమాచారం పెట్టుకునే యాప్‌డేటా ఫోల్డర్‌లో ఉన్నంత మాత్రాన దొంగ కాదు, వన్‌డ్రైవ్, జూమ్ కూడా అక్కడి నుంచే నడవొచ్చు. వైరస్‌టోటల్‌లో డెబ్భై చిల్లర ఇంజన్లలో ఒకటో రెండో ఎర్రగా చూపిస్తే కంగారు పడొద్దు, ఇరవై చూపిస్తే వదలొద్దు. సున్నా వచ్చిందని పూర్తిగా నమ్మనూ వద్దు. నాలుగు సంగతులు ఒకచోట కలిస్తేనే నేను చెయ్యి వేస్తాను: అర్థం లేని పేరు, సంతకం లేకపోవడం, టెంప్ లాంటి చోటు, గొడవ మొదలైన రోజు తేదీ.

తీసేసే వరుస తప్పితే మళ్లీ మొలుస్తుంది. ముందు నెట్ తీసేయాలి, రిస్టోర్ పాయింట్ (తేడా వస్తే విండోస్ సెట్టింగ్‌లను వెనక్కి తిప్పుకునే గుర్తు) పెట్టుకోవాలి. తర్వాత ఇదే కుటుంబంలోని, నడుస్తున్న ప్రోగ్రామ్‌లను (ప్రాసెస్‌లను) చూపించే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి అనుమానం ఉన్న ప్రాసెస్‌ని పట్టుకోవాలి. రెండు ప్రాసెస్‌లు ఒకదాన్నొకటి కాస్తుంటే ఒకదాన్ని చంపగానే రెండోది దాన్ని లేపేస్తుంది. కాబట్టి రెండిటినీ ముందు సస్పెండ్ చేసి (ఆపి ఉంచి), ఆ తర్వాతే కిల్ చేయాలి. అప్పుడు ఆటోరన్స్‌లో టిక్ తీయాలి. డిలీట్ వద్దు, టిక్ మాత్రమే. ఎఫ్5 నొక్కి చూస్తే తీసేసిన ఎంట్రీ పక్కనే కొత్తది పుట్టిందంటే ఇంకోటి ఎక్కడో బతికే ఉందన్నమాట, ఎక్కువగా షెడ్యూల్డ్ టాస్క్స్‌లో. రీస్టార్ట్ చేసి, అన్నీ సరిగా నడుస్తున్నాయని చూసుకున్నాకే ఎంట్రీని డిలీట్ చేయాలి. డిలీట్ చేసినా పోయేది ఎంట్రీ మాత్రమే, ఫైలు డిస్క్ మీదే ఉంటుంది. అందుకే డిలీట్ నొక్కకముందే జంప్ టు ఇమేజ్ ఆప్షన్‌తో ఆ ఫైలున్న ఫోల్డర్ తెరిచి పెట్టుకుని, ఫైలుని చేత్తో తీసేయాలి. చివర్లో విండోస్ సెక్యూరిటీలోని డిఫెండర్ (విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్) ఆఫ్‌లైన్ స్కాన్. కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యి పావుగంటలో ముగుస్తుంది. కరెంటు పోయే వేళ మొదలుపెట్టకండి.

పెన్‌డ్రైవ్‌ని బాగుచేసేది కంప్యూటర్ శుభ్రమయ్యాకే. కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ డ్రైవ్‌కి వెళ్లి ఆట్రిబ్ కమాండ్‌కి మైనస్ హెచ్, మైనస్ ఆర్, మైనస్ ఎస్, స్లాష్ ఎస్, స్లాష్ డి తగిలిస్తే దాగిన ఫైళ్లు బయటపడతాయి. షార్ట్‌కట్‌లు, స్క్రిప్టు చెరిపేయొచ్చు.

ఆటోరన్స్ కంటికి ఆననివీ ఉన్నాయి. స్క్రీన్ మూలన “మీ కంప్యూటర్‌లో వైరస్” అని ఎగిరొచ్చే చీటీలు చాలాసార్లు ప్రోగ్రామే కావు, ఏదో సైటుకి క్రోమ్‌లో ఇచ్చిన నోటిఫికేషన్ అనుమతి. సెట్టింగ్స్‌లో దాన్ని తీసేస్తే అయిపోతుంది. బ్రౌజర్‌కి తగిలించే ఎక్స్‌టెన్షన్లు, హోమ్ పేజీ మార్పులకి మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల ఆడ్‌డబ్ల్యూక్లీనర్ మేలు. సొంత కంప్యూటర్‌లో క్రోమ్ “మీ సంస్థ నిర్వహిస్తోంది” అంటుంటే రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగ్‌లన్నీ ఉండే చోట) ఎవరో పాలసీ, అంటే క్రోమ్‌ని కట్టడి చేసే నియమం పెట్టినట్టే. డిఫెండర్‌లో ఎక్స్‌క్లూజన్స్ జాబితా కూడా విప్పి చూడండి. అసెంబుల్ చేసి ఇచ్చినవాళ్లు దొంగ విండోస్ వేసి, దాన్ని యాక్టివేట్ చేసే ప్రోగ్రామ్‌ని అక్కడ మినహాయించి పెట్టడం మామూలే. ఆ మినహాయించిన ఫోల్డర్‌లో ఇంకేం చేరినా డిఫెండర్ పట్టించుకోదు.

బ్యాంకు పాస్‌వర్డులు ఆ కంప్యూటర్‌లోనే కొట్టి ఉంటే వేరే పరికరం నుంచి వెంటనే మార్చండి, డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఫైళ్ల పేర్ల చివర కొత్త తోకలు మొలిచి ఏదీ తెరుచుకోకపోతే అది రాన్‌సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేది), ఆటోరన్స్‌తో కుస్తీ పట్టి లాభం లేదు.

శుభ్రంగా ఉన్న రోజునే జాబితాని సేవ్ చేసి పెట్టుకుంటే, తేడా వచ్చినప్పుడు ఫైల్ మెనూలోని కంపేర్ కొత్తగా చేరిన వరుసల్ని విడిగా చూపిస్తుంది. నాకు దీనిలో అన్నిటికంటే నచ్చింది ఇదే. అయిదుకి నాలుగు మార్కులు. ఒకటి కోసింది డిలీట్‌కి అన్‌డూ లేనందుకు. డ్రైవర్స్, విన్‌సాక్ (నెట్ కనెక్షన్ సంగతులు చూసేది) ట్యాబ్‌లలో ఆ మీట పొరపాటున తగిలితే నెట్ పోవచ్చు, ఒక్కోసారి విండోసే లేవకపోవచ్చు.