జేఆర్‌ఎఫ్ వచ్చాక ఎటు: యూనివర్సిటీ ల్యాబా, సీసీఎంబీ లాంటి సంస్థా, జీనోమ్ వ్యాలీ ఉద్యోగమా?

ఎంఎస్సీ లైఫ్ సైన్సెస్ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు, చదువు అయిపోయి రూమ్‌లో ఉండి, జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చిపెట్టే జాతీయ పరీక్ష నెట్‌కి ప్రిపేర్ అవుతున్నవాళ్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. పీహెచ్‌డీ యూనివర్సిటీలో చేయాలా, సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) లాంటి చోట చేయాలా, ఇవన్నీ వదిలేసి షామీర్‌పేట వైపు టీకా, మందుల కంపెనీలున్న జీనోమ్ వ్యాలీలో ఏదైనా కంపెనీలో చేరిపోవాలా అని. నేను పీహెచ్‌డీ యూనివర్సిటీలో చేశాను, తర్వాత ఒక పరిశోధన సంస్థలో పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధకుడిగా) ఉన్నాను, ఇప్పుడు కంపెనీలో పని చేస్తున్నాను. మూడు చోట్లా ల్యాబు బెంచ్ దగ్గర నిలబడి ప్రయోగాలు చేసిన మనిషిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫెలోషిప్ చేతిలో ఉంటే నా ఓటు యూనివర్సిటీకే. ఫెలోషిప్ లేకపోతే మాత్రం పీహెచ్‌డీలో అప్పుడే చేరొద్దు.

ముందు డబ్బు సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే మన ఇళ్లలో ఈ నిర్ణయం ఆగేది అక్కడే. 2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, దాని తర్వాతి మెట్టు ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 42,000. హాస్టల్లో ఉండకపోతే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. రెండేళ్లు జేఆర్‌ఎఫ్, కమిటీ ముందు ప్రోగ్రెస్ చూపించాక మూడేళ్లు ఎస్‌ఆర్‌ఎఫ్, మొత్తం ఐదేళ్లు. చాలామందికి తట్టని విషయం ఏమిటంటే, సీఎస్‌ఐఆర్‌దో యూజీసీదో డీబీటీదో ఐసీఎంఆర్‌దో, ఏ కేంద్ర సంస్థ ఇచ్చినా ఆ ఫెలోషిప్ మీది, ల్యాబుది కాదు. గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలో చేరినా హబ్సిగూడలోని సీసీఎంబీలో చేరినా అదే మొత్తం వస్తుంది. కాబట్టి యూనివర్సిటీనా సంస్థా అనే దగ్గర జీతం గురించి ఆలోచించాల్సిన పనే లేదు. ఎక్కడైనా ఆలస్యాలు మాత్రం తప్పవు, కాగితం ఒక సీటు దగ్గర ఆగిందంటే రెండు మూడు నెలల ఫెలోషిప్ ఒకేసారి పడుతుంది. చేరేముందే ఒక మూడు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి, లేకపోతే మొదటి ఏడాది అంతా ఫ్రెండ్స్ దగ్గర అప్పులతో, టెన్షన్‌తో గడుస్తుంది.

కంపెనీలో కొత్తగా చేరే ఎంఎస్సీ వాళ్లకు చాలా చోట్ల ఈ 37,000 కన్నా తక్కువే ఇస్తారు. ఇది ఇంట్లోవాళ్లకు చెప్పండి, "ఇంకా చదువేనా, నీ తోటివాళ్లు సంపాదిస్తున్నారు" అనే మాట కొంచెం తగ్గుతుంది. అయితే కంపెనీలో పీఎఫ్ ఉంటుంది, ఇన్సూరెన్స్ ఉంటుంది, ఏటా ఎంతో కొంత పెరుగుతుంది. ఫెలోషిప్‌లో అవేవీ ఉండవు, ఐదేళ్లు నిండిన రోజున ఆగిపోతుంది, థీసిస్ అయిందా లేదా అని ఎవరూ అడగరు.

ఇక యూనివర్సిటీ. 1974లో మొదలైన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో స్కూల్ ఆఫ్ లైఫ్ సైన్సెస్ అంటే బయోకెమిస్ట్రీ, ప్లాంట్ సైన్సెస్, యానిమల్ బయాలజీ, బయోటెక్నాలజీ, కంప్యూటేషనల్ బయాలజీ అన్నీ పక్కపక్కనే. టమాటా జన్యువుల మీద పని చేసే ల్యాబు నుంచి జ్వరం తెప్పించే పరాన్నజీవుల మీద పని చేసే ల్యాబుకు నడిచి వెళ్లొచ్చు. మీ ప్రొటీన్ సమస్య కెమిస్ట్రీ స్కూల్లో ఎవరికో తెలిసి ఉండొచ్చు, మీ డేటా సమస్య కంప్యూటర్ సైన్స్ వాళ్లకు చిన్న విషయం కావచ్చు. ఇవన్నీ క్యాంపస్ దుకాణాలుండే షాప్‌కామ్ దగ్గర చాయ్ తాగుతూ తేలిపోతాయి. ప్రతి ఏడూ ఎంఎస్సీ పిల్లలు ప్రాజెక్టుకు ల్యాబులోకి వస్తారు, వాళ్లకు క్లోనింగ్ (జన్యువుకు నకళ్లు తీసే పద్ధతి) నేర్పుతున్నప్పుడే మనకు క్లోనింగ్ నిజంగా అర్థమవుతుంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ స్కాలర్లకు వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు బోధనలోనో పరిశోధనలోనో సహాయకుల పని ఇవ్వొచ్చు. రేపు లెక్చరర్ అవ్వాలనుకునేవాళ్లకు ఈ అలవాటు చాలా విలువైనది.

నా ఓటు ఇటే ఎందుకు పడిందంటే, ఇంకో కారణం ఉంది. మనలో చాలామంది జిల్లా కేంద్రంలో డిగ్రీ చేసి, డీఎన్‌ఏకు నకళ్లు తీసే పీసీఆర్ మెషిన్‌ని పుస్తకంలో బొమ్మగా చూసి వచ్చినవాళ్లం. ఇంట్లో ఎవరూ పీహెచ్‌డీ చేసి ఉండరు. ఇంగ్లిష్‌లో ప్రశ్న అడగాలంటే గొంతు పట్టేస్తుంది. అలాంటివాళ్లకు యూనివర్సిటీలో నిలదొక్కుకునే టైమ్ దొరుకుతుంది. మన ఊరు, మన భాష మాట్లాడే సీనియర్ అన్నలు, అక్కలు పది డిపార్ట్‌మెంట్లలో ఉంటారు, సినాప్సిస్ (థీసిస్ సారాంశం) రాసేటప్పుడు, గైడ్‌తో మాట పట్టింపు వచ్చినప్పుడు, మనసు బాగోలేనప్పుడు వెళ్లి కూర్చోడానికి ఒక గది ఉంటుంది. ఐదారేళ్ల పీహెచ్‌డీలో ఇది చిన్న విషయం కాదు. మధ్యలో వదిలేసినవాళ్లను నేను చూశాను, సైన్స్ రాక వదిలేసినవాళ్లు తక్కువ, ఒంటరితనం తట్టుకోలేక వదిలేసినవాళ్లు ఎక్కువ.

కష్టం కూడా ఉంది, దాచను. యూనివర్సిటీ ల్యాబులో అన్ని పనులూ స్కాలరే చేయాలి. కొటేషన్లు తెప్పించడం, ఇండెంట్ పెట్టడం, జెమ్ అనే ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్లో వెతకడం, ఫైలు ఎక్కడుందో అడుగుతూ అడ్మిన్ బిల్డింగ్ చుట్టూ తిరగడం, మైనస్ 80 ఫ్రీజర్ అలారం మోగితే రాత్రి పరిగెత్తడం, అన్నీ. పరిశోధన ఖర్చులకు సీఎస్‌ఐఆర్ ఇచ్చే కంటింజెన్సీ డబ్బు ఏడాదికి 20,000. బయటి నుంచి తెప్పించే ఒక మంచి యాంటీబాడీ చిన్న సీసా ధరే దాన్ని మించిపోతుంది. గైడ్ దగ్గర నడుస్తున్న గ్రాంట్ లేకపోతే యాంటీబాడీతో ప్రొటీన్‌ను గుర్తించే మీ వెస్టర్న్ బ్లాట్ ప్రయోగం ఆ సీసా కోసం నెలలు ఆగుతుంది.

సంస్థల్లో ఈ బాధ చాలావరకు ఉండదు. హబ్సిగూడలో సీసీఎంబీ, ఉప్పల్లో సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం), గచ్చిబౌలిలో ఎన్‌ఐఏబీ (పశు బయోటెక్నాలజీ సంస్థ), తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, మన నగరానికి ఈ విషయంలో కొదవ లేదు. సీసీఎంబీలో అయితే సీక్వెన్సింగ్, ఇమేజింగ్, యానిమల్ హౌస్, ప్రొటియోమిక్స్ (ప్రొటీన్ల విశ్లేషణ), ప్రతిదానికీ ఫెసిలిటీ, దాన్ని నడిపే మనిషి ఉంటారు. శాంపిల్ ఇస్తే డేటా వస్తుంది. యూనివర్సిటీలో ఒక నెల పట్టే పని అక్కడ వారంలో అయిపోవడం నేను కళ్లారా చూశాను. బయటి దేశాల నుంచి వచ్చి సెమినార్ ఇచ్చేవాళ్లు ఎక్కువ, కాబట్టి పోస్ట్‌డాక్ కోసం ఎవరికి రాయాలో చదువుతుండగానే తెలిసిపోతుంది.

పైగా అక్కడ ఒకే ప్రశ్న మీద ఏళ్ల తరబడి పని చేసే ఓపిక ఉంటుంది. మనం రోజూ తినే సాంబ మసూరినే చూడండి. బాపట్లలో బీపీటీ 5204గా పుట్టిన ఈ వరి రకానికి ఆకు ఎండు తెగులు పెద్ద శత్రువు. సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి ఆ తెగులును తట్టుకునే జన్యువులను మార్కర్ల (డీఎన్‌ఏ గుర్తుల) సాయంతో అందులోకి తెచ్చాయి, గింజ రుచి, సన్నదనం పోకుండా. 2008లో ఆ రకం విడుదలైంది. ఇలాంటి పని చేయాలంటే పొలం ఉన్నవాళ్లు, మాలిక్యులర్ బయాలజీ తెలిసినవాళ్లు కలిసి చాలాకాలం నిలబడాలి, సంస్థల్లో దానికి అవకాశం ఎక్కువ.

అక్కడి పీహెచ్‌డీ డిగ్రీ సీసీఎంబీ పేరుతో రాదు, సీసీఎంబీ లాంటి సీఎస్‌ఐఆర్ సంస్థల్లో చేసినవాళ్లకు ఏసీఎస్‌ఐఆర్ అనే అకాడమీ డిగ్రీ ఇస్తుంది. చట్టం ప్రకారం ఏర్పడినదే, ఉద్యోగాలకు ఏ ఇబ్బందీ లేదు, ఆ భయం పెట్టుకోకండి. నాకు అక్కడ లోటుగా అనిపించింది వేరే. చుట్టూ ఉన్నవాళ్లంతా మనలాంటివాళ్లే, అందరూ బయాలజీయే, అందరూ పేపర్ కోసమే. మీకు ఏ ప్రశ్న మీద పని చేయాలో ఇప్పటికే తెలిసి ఉంటే, మాట్లాడటానికి బెరుకు లేకపోతే, పోటీ మీకు ఉత్సాహాన్ని ఇచ్చేదైతే సంస్థే మేలు, రెండో ఆలోచన వద్దు. ఇంకా వెతుక్కుంటున్నవాళ్లు మాత్రం అక్కడ మొదటి రెండేళ్లు చాలా నలిగిపోతారు.

జీనోమ్ వ్యాలీ గురించి మన డిపార్ట్‌మెంట్లలో ఒక చిన్నచూపు ఉంది, పీహెచ్‌డీ రానివాళ్లు వెళ్లే చోటు అన్నట్టు. ఇది నాకు కోపం తెప్పించే మాట. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను తక్కువ ధరకు తెచ్చినప్పుడు మన దేశంలో ఎంతమంది పసిపిల్లలకు అది అందుబాటులోకి వచ్చిందో ఆలోచించండి. కొవాగ్జిన్, కోర్బెవ్యాక్స్ రెండూ హైదరాబాద్ కంపెనీలవే. ఒక బ్యాచ్ టీకా బయటికి వెళ్లాలంటే క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగంలో) కూర్చున్న ఎంఎస్సీ అమ్మాయి సంతకం కావాలి, ఆమె చేసే పరీక్షలో నెగ్గకపోతే బ్యాచ్ మొత్తం ఆగిపోతుంది. దీన్ని చిన్న పని అనే హక్కు ఎవరికీ లేదు.

ఇక్కడి పని తీరు వేరు. ఎస్ఓపీలో (పని పద్ధతి రాసిన పత్రంలో) రాసింది రాసినట్టు చేయాలి, చేసింది చేసినట్టు ఆ క్షణమే రాయాలి, కొట్టివేత ఉంటే ఒక్క గీత, పక్కన సంతకం, తేదీ. యూనివర్సిటీ ల్యాబులో చేతి వెనక రాసుకుని సాయంత్రం నోట్‌బుక్‌లో ఎక్కించే అలవాటు ఉన్నవాళ్లకు మొదటి ఆడిట్‌లోనే చెమటలు పడతాయి. షిఫ్టులుంటాయి. సికింద్రాబాద్ నుంచి అల్వాల్, తూంకుంట మీదుగా జీనోమ్ వ్యాలీ ఉన్న తుర్కపల్లి వరకు కంపెనీ బస్సులో రానూ పోనూ రోజులో మూడు గంటలు పోవచ్చు, ఉండే చోటు చూసుకునేటప్పుడు దీన్ని తప్పకుండా లెక్కేసుకోండి.

ఎదుగుదల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. క్యూసీ, క్యూఏ (నాణ్యత హామీ), రెగ్యులేటరీ (ప్రభుత్వ అనుమతుల పని) వైపు వెళ్తే ఎంఎస్సీతోనే పైకి వెళ్లొచ్చు, అనుభవమే అక్కడ డిగ్రీ. ఆర్ అండ్ డీలో మాత్రం కొన్నేళ్లకు ఒక మెట్టు దగ్గర ఆగిపోతారు, ఏ ప్రయోగం చేయాలో నిర్ణయించే కుర్చీలో ఎక్కువగా పీహెచ్‌డీ వాళ్లే ఉంటారు. కాబట్టి ఇంటర్వ్యూలో జీతం ఒక్కటే అడగొద్దు, ఏ డిపార్ట్‌మెంట్ అని అడగండి. అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ (ఆసుపత్రి రికార్డులకు కోడ్‌లు వేసే పని) నేర్చుకుని ఉద్యోగంలో చేరేవాళ్లూ చాలామంది ఉన్నారు. ఇంటికి డబ్బు వెంటనే అవసరమైతే అది గౌరవమైన దారే, కానీ అటు వెళ్లి రెండేళ్లు దాటితే బెంచ్ మీదకు తిరిగి రావడం కష్టం, అది తెలిసి వెళ్లండి.

ఇప్పుడు ఫెలోషిప్ లేనివాళ్ల మాట. సెంట్రల్ యూనివర్సిటీల్లో నెట్ ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీలో చేరినవాళ్లకిచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8,000. హైదరాబాద్‌లో ఈ డబ్బుతో ఐదేళ్లు బతకడం ఎలాగో నాకు తెలియదు, ఇంట్లో స్థోమత ఉన్నవాళ్లకు తప్ప. "ముందు చేరిపో, తర్వాత జేఆర్‌ఎఫ్ కొట్టొచ్చు" అని ఎవరైనా అంటే వినొద్దు. ల్యాబులో రాత్రి పది దాకా నిలబడి నెట్ పేపర్లో చివరి భాగమైన పార్ట్-సికి చదవడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు, ఆ 75 ప్రశ్నల్లోంచి 25 ఎంచుకుని రాయడానికి తాజా బుర్ర కావాలి. దానికన్నా ప్రాజెక్ట్ అసోసియేట్‌గా (ఒక ప్రాజెక్టు ఉన్నంతకాలం చేసే ఉద్యోగంలో) ఏదైనా ల్యాబులో చేరండి, లేదా కంపెనీలో ఒకటి రెండేళ్లు పని చేయండి. చేతికి పని వస్తుంది, పరీక్ష ఏడాదికి రెండుసార్లు వస్తుంది, పైగా పరిశోధన మీకు నిజంగా నచ్చుతుందో లేదో ఐదేళ్లు తాకట్టు పెట్టకుండానే తెలుస్తుంది. కంపెనీ నుంచి పీహెచ్‌డీకి వచ్చినవాళ్లు నోట్‌బుక్ రాసే తీరు చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

యూనివర్సిటీనా సంస్థా అన్నది తేలాక కూడా అసలు పెళ్లిచూపులు మిగిలే ఉంటాయి, అవి గైడ్‌తో. మంచి సంస్థలో సరిపడని గైడ్ కన్నా మామూలు డిపార్ట్‌మెంట్లో మంచి గైడ్ వెయ్యి రెట్లు నయం. నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు దాకా పీహెచ్‌డీ స్కాలర్లు ఉండొచ్చు, ఇప్పుడు ఎంతమంది ఉన్నారో కనుక్కోండి. రిటైర్‌మెంట్‌కి మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు, నాలుగైదేళ్లు ఉన్నవాళ్ల దగ్గర చేరేముందు మాత్రం బాగా ఆలోచించుకోండి. గ్రాంట్ ఎప్పటిదాకా ఉందో అడగడం తప్పేమీ కాదు, మర్యాదగా అడిగితే మంచి గైడ్ ఎవరైనా చెప్తారు. ఆ ల్యాబు నుంచి గత కొన్నేళ్లలో బయటికి వెళ్లినవాళ్లు ఎన్నేళ్లకు సబ్మిట్ చేశారు, ఇప్పుడెక్కడున్నారు, మధ్యలో ఎవరైనా వెళ్లిపోయారా, ఎందుకు? ఇవి ల్యాబు లోపల అడిగితే ఎవరూ నోరు విప్పరు, మెస్‌లో అన్నం తింటూ అడగండి.

అమ్మాయిలు ఇంకొకటి చూసుకోవాలి. పీహెచ్‌డీకి ఆరేళ్లు గడువు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు, మహిళలకు ఆపైన మరో రెండేళ్ల వెసులుబాటు, 240 రోజుల ప్రసూతి సెలవు యూజీసీ నిబంధనల్లోనే ఉన్నాయి. ఇవి గైడ్ దయ కాదు. అయినా ఆ ల్యాబులో ఇంతకుముందు పెళ్లయి, బిడ్డను కని, పీహెచ్‌డీ పూర్తి చేసిన అక్క ఒకరైనా ఉన్నారేమో కనుక్కోండి, ఉంటే నేరుగా ఆమెతోనే మాట్లాడండి.

రెండు ఆఫర్లూ చేతిలో ఉండి, రెండు చోట్లా గైడ్ మంచివాళ్లేనని తేలినవాళ్లు నన్ను అడిగితే, రేపు పాఠం చెప్పాలని ఉంటే గచ్చిబౌలి బస్సు ఎక్కమంటాను, విదేశాల్లో పోస్ట్‌డాక్ చేసి సొంత ల్యాబు పెట్టాలన్న పట్టుదల ఇప్పటికే ఉంటే హబ్సిగూడలో మెట్రో దిగమంటాను. ఫెలోషిప్ లేకుండా ఇంటి అప్పు తీర్చాల్సి ఉంటే తుర్కపల్లి. సర్టిఫికెట్లు, ఎంఎస్సీ ప్రాజెక్ట్ రిపోర్ట్ కాపీ, మీరు సొంత చేతులతో చేసిన టెక్నిక్స్ జాబితా ఒక పేజీలో సిద్ధం చేసుకోండి, ఈ మూడు చోట్లా ఇంటర్వ్యూలో మొదట తిరగేసేది ఆ పేజీనే.