నాలుగు ఆదివారాలు, రెండున్నర వేలు: ఓ కథల క్లాసు గురించి

38 ఏళ్లు కోర్టులో స్టెనోగా చేసి రిటైరయ్యాను. అన్నేళ్లూ ఊళ్లోవాళ్ల ‘నేను’లు టైపు చేయడమే నా పని. సాక్ష్యం ఎలా రాస్తారో తెలియనివాళ్లకు చెబుతాను. లాయరు పొడుగాటి ప్రశ్న వేస్తాడు. బోనులో ఉన్నాయన “ఆఁ” అంటాడు, లేకపోతే “లేదండి” అంటాడు. కాగితం మీదకి వచ్చేసరికి అది “నేను ఆ రోజు సాయంత్రం ఇంట్లోనే ఉన్నాను” అవుతుంది. ప్రశ్న మాయం. క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం లాయరు సాక్షిని నిలదీసేటప్పుడు అయితే, “నేను అబద్ధపు సాక్ష్యం చెబుతున్నాను అనుట నిజం కాదు” అని రాస్తాం. ఆ వాక్యాన్ని పుట్టి బుద్ధెరిగాక ఏ సాక్షీ నోటితో అని ఉండడు. అడిగింది ఒకరు, డిక్టేట్ చేసింది ఒకరు, టైపు కొట్టింది నేను. ‘నేను’ మాత్రం సాక్షిది.

అలాంటివాణ్ణి కథ రాయబోతే ఈ ‘నేను’ దగ్గరే బోల్తా పడ్డాను. అందుకే విజయవాడలో కథారచన క్లాసు పెడుతున్నారని తెలిసి డబ్బు కట్టాను. నాలుగు ఆదివారాలు, పదింటి నుంచి ఒంటిగంట దాకా, ఫీజు 2,500. తెనాలి నుంచి పొద్దున్నే రైలెక్కి వెళ్లొచ్చేవాణ్ణి. వాళ్ల పేరు రాయను. ఫిర్యాదులు కూడా ఉన్నాయి గనక ఎందుకొచ్చిన గొడవ.

ముందు ఆ ఫిర్యాదులు కానిచ్చేస్తాను. పన్నెండు మందినే తీసుకుంటామని చెప్పి ఇరవై రెండు మందిని కూర్చోబెట్టారు. హాలు ఏదో ట్యూషన్ సెంటరుది, ఎనిమిదో తరగతి పిల్లల బెంచీలు. నా మోకాళ్లకు అవి పడలేదు. మెటీరియల్ అని ఇచ్చిన జిరాక్సు కట్టలో సగం పేజీలు కుడివైపు అంచు తెగిపోయి ఉన్నాయి. మొదటి రెండు వారాలు చెప్పిన అబ్బాయి మంచివాడే, గొంతూ బాగుంది, కానీ స్లైడ్లన్నీ ఇంగ్లీషు నుంచి దించినవి. ఒక స్లైడు మీద ‘ఫస్ట్ పర్సన్ – ప్రథమ పురుష’ అని పెద్దక్షరాలతో ఉంది. మన వ్యాకరణంలో ‘నేను’ ఉత్తమ పురుష. ‘వాడు, ఆమె, వాళ్లు’ ప్రథమ పురుష. దృష్టికోణం, అంటే కథ ఎవరి కళ్లతో చూస్తున్నామన్న దాని గురించిన పాఠం మొదటి మెట్టులోనే తలకిందులైతే ఎలా? చెయ్యెత్తి చెప్పాను. “అవునా సార్, చూసి మారుస్తాను” అన్నాడు. మరుసటి వారం కూడా అదే స్లైడు.

నేను కట్టిన డబ్బు మూడో ఆదివారానికి గిట్టింది. ఆ రోజు రిటైరైన తెలుగు లెక్చరరు ఒకావిడ వచ్చారు. స్లైడ్లు లేవు, చేతిలో సుద్దముక్క. గురజాడ ‘దిద్దుబాటు’ తీసుకున్నారు. 1910లో ఆంధ్రభారతిలో వచ్చిన కథ, మనలో చాలామంది చదివిందే. గోపాలరావు రాత్రి ఆలస్యంగా ఇంటికొస్తాడు. భార్య కమలిని కనిపించదు, ఉత్తరం కనిపిస్తుంది. ఆయనకు కాళ్లూ చేతులూ ఆడవు. చివరికి చూస్తే ఆవిడ మంచం కిందే ఉంది.

“కథంతా కమలిని ఆ గదిలోనే ఉందిగా, మనకెందుకు కనపడలేదు?” అన్నారు మేడమ్.

“మంచం కింద ఉంది కాబట్టి” అని వెనక బెంచీ నుంచి ఎవరో. అందరం నవ్వాం.

“కాదు. మనం గోపాలరావు భుజం మీద కూర్చుని ఉన్నాం కాబట్టి.”

అక్కడ ‘నేను’ అన్న మాటే లేదు, చెబుతున్నది బయటివాడే. కానీ గోపాలరావుకు తెలియంది మనకూ తెలియనివ్వడు. పదిహేను నిమిషాలు టైమిచ్చి, అదే రాత్రిని మంచం కింద నుంచి రాయమన్నారు. ఒకమ్మాయి మంచం కింద దుమ్ముకు తుమ్ము ఆపుకోలేక కమలిని పడే అవస్థంతా రాసింది. హాలు ఘొల్లుమంది. నేను రాసిందాంట్లో ఆవిడకు భర్త పాదాలు మాత్రమే కనపడతాయి. గదిలో అటూ ఇటూ తిరిగే పాదాలు. రాస్తుంటే ఒకటి తట్టింది. పైన నిలబడ్డాయనకు అది భయం, చదివేవాళ్లకు సరదా. కింద ఉన్నావిడకేమో అది పరీక్ష: ఈ పశ్చాత్తాపం తెల్లారేదాకా నిలుస్తుందా లేదా అని. గురజాడ ఆవిణ్ణి చివరిదాకా ఎందుకు దాచాడో అప్పుడర్థమైంది. ఇంటర్లో మార్కుల కోసం చదివినప్పుడు ఈ ఆలోచనే రాలేదు.

‘బారిస్టరు పార్వతీశం’ నవలలో పార్వతీశం గురించి కూడా కాసేపు మాట్లాడారు. మొగల్తూరు నుంచి బయల్దేరినవాడు తన తెలివితక్కువ పనులన్నీ తనే, మొహం గంభీరంగా పెట్టి చెప్పుకుంటాడు. ఆడవాళ్ల టోపీ కొనుక్కుని తను దొరలా ఉన్నాననుకుంటాడు. అదే ఇంకెవరైనా ‘పార్వతీశం అని ఒక వెర్రిబాగులవాడు ఉండేవాడు’ అని మొదలుపెడితే నాలుగు పేజీలు దాటేసరికి మనకే జాలేస్తుంది.

ఆ తర్వాత చెప్పింది నేను ఇంకెక్కడా వినలేదు. ఇంగ్లీషువాడికి ‘హీ’ ఒక్కటే. మనకు వాడు, అతను, ఆయన, వారు. వీటిలో ఏది రాసినా, చూస్తున్నది ఎవరో, ఆ మనిషికి ఎంత దూరంలో నిలబడి చూస్తున్నారో చెప్పేసినట్టే. ‘ఆయన అన్నం తిని పడుకున్నాడు’ అంటే పక్కన భార్య ఉన్నట్టుంది. ‘వాడు తిని పడుకున్నాడు’ అంటే తల్లి కావచ్చు, పగవాడు కావచ్చు. ‘ఇంటికి వచ్చింది’ అంటే మనం ఇంట్లో ఉన్నాం, ‘ఇంటికి వెళ్లింది’ అంటే వీధిలో. ‘మేము’ అంటే చదివేవాడు గడప బయట, ‘మనం’ అంటే లోపల. ఇవన్నీ రోజూ మాట్లాడుతూనే ఉన్నాం, కథ రాసేటప్పుడు మాత్రం ఎలా పడితే అలా వాడేస్తాం.

ఇక నా కథ. మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. 1979లో షార్ట్‌హ్యాండ్ నేర్చుకోవడానికి నన్ను గుంటూరు పంపించారు. గది అద్దెకూ ఫీజుకూ మా అక్క గాజులు తాకట్టు పెట్టారు. అదే రాశాను, ‘నేను’ అంటూ. అక్క మౌనంగా గాజులు తీసిన తీరూ, నాన్న కళ్లు తిప్పుకోవడమూ, అమ్మ పైటచెంగూ, అన్నీ ఉన్నాయి. నా మటుకు నాకు చదివిన ప్రతిసారీ గొంతు పట్టేసేది.

మేడమ్ చదివి అడిగారు: “గాజులు తీసేటప్పుడు మీరు ఇంట్లో ఉన్నారా అండీ?”

“లేనండి. గుంటూరులో గది చూసుకోవడానికి వెళ్లాను.”

“మరి ఆవిడ మౌనంగా తీశారని మీకెలా తెలుసు?”

చెమటలు పట్టాయి. ఇన్నేళ్లూ ఎంతమందిని ఇదే ప్రశ్న మీద కూలబడగా చూశానో! అమ్మ చెప్పింది. అంటే విన్న సాక్ష్యం. కోర్టులో అయితే లాయరు అక్కడే లేచేవాడు. “అయితే ‘తీసిందట’ అని రాయండి. ఆ ‘ట’ ఒక్కటి పెడితే కథ నిజమవుతుంది. లేదంటే ఆవిడ్నే చెప్పనివ్వండి” అన్నారు. ‘ట’ పెట్టి చూశాను. గొంతు పట్టడం తగ్గింది, కానీ నమ్మకంగా ఉంది. అమ్మ నాకు చెప్పిన తీరులో ఏం దాచి ఉంటుందా అని అనుమానం కూడా మొదలైంది.

ఆ రాత్రే అక్కకు ఫోన్ చేశాను. ఆవిడకిప్పుడు డెబ్బై.

“గాజులదేముందిరా, పోతే పోయాయి. నేనూ టైపు నేర్చుకుంటానంటే నాన్న వద్దన్నాడు చూడు, అది రాశావా?”

రాయలేదు. నాకు తెలియదు.

నాలుగో వారం మళ్లీ ఆ అబ్బాయే వచ్చాడు, పబ్లిషింగ్ గురించి చెప్పాడు. మన కథలతో సంకలనం వేస్తాం, ఇంకో 1,500 కట్టండి అన్నారు. నేను కట్టలేదు. దిద్ది పంపిస్తామన్న రెండో కథకు ఒక్క లైనులో జవాబొచ్చింది, ‘బాగుంది సార్, ముగింపు చూసుకోండి’ అని. సర్టిఫికెట్లో నా ఇంటిపేరు తప్పు పడింది.

ఐదుకు మూడిస్తాను. ఆ మూడూ మూడో ఆదివారానివే. చేరేవాళ్లు మేడమ్ ఎన్ని క్లాసులు చెబుతారో అడిగి మరీ కట్టండి. తలగడ లాంటిదేదైనా తీసుకెళ్లండి, బెంచీలకు.

కథ తిరగరాశాను. ఇప్పుడు అక్కే చెబుతుంది, అందులో నేను ‘వాడు’. గాజుల సంగతి రెండు వాక్యాల్లో అయిపోతుంది. మొన్న ఫోన్లో చదివి వినిపించాను. అంతా విని, “గాజులు ఆరు కాదురా, నాలుగు” అంది.