అమ్మమ్మ ఇల్లు, తాత పార

ఇంగ్లీషులో రాసిన మన కేరళ కవయిత్రి కమలా దాస్ ‘మై గ్రాండ్‌మదర్స్ హౌస్’ (1965), ఐర్లాండ్ కవి షేమస్ హీనీ ‘డిగ్గింగ్’ (1966) కవితల్ని పక్కపక్కన పెట్టుకుని చదవండి. హీనీ కవితలో పిల్లాడు కాగితం కుక్కిన సీసాలో పాలు తెస్తే తాత నడుం ఎత్తి తాగేసి వెంటనే మళ్లీ పీట్ మట్టి (ఎండబెట్టి పొయ్యిలో కాల్చుకునే బురద నేల మట్టి) తవ్వుతాడు, అంతే, ప్రేమ అన్న మాటే ఉండదు. కమలా దాస్ కవితలో అమ్మమ్మ ముఖమైనా కనపడదు; ఆమె పోయాక మూగబోయిన ఇల్లు, పుస్తకాల మధ్య పాములు, అక్కడి చీకటినైనా చేతులనిండా తెచ్చుకుని పడకగది తలుపు వెనక కుక్కలా పడుకోబెట్టుకోవాలన్న ఆశ. విశ్లేషణలో ‘బంధం గొప్పది’ అని తేల్చేయకుండా ఆ పాలసీసా దగ్గర, ఆ చీకటి దగ్గర ఆగాలి. నన్నడిగితే కమలా దాస్‌దే ఎక్కువ గుచ్చుకుంటుంది. హీనీకి పార బదులు కలమైనా చేతిలో ఉంది, ఈమెకు పరాయి గుమ్మాల్లో చిల్లరగానైనా ప్రేమను అడుక్కోవడమే మిగిలింది.