సరదా గూఢచారి సిరీసా, సీరియస్ గూఢచారి నవలలా?

డొరొతీ గిల్మన్ మిసెస్ పాలిఫాక్స్ సిరీస్ మొదలుపెట్టాలా, లేక జాన్ లె కారే రాసిన, స్మైలీ అనే బ్రిటిష్ గూఢచారి నవలలు పట్టాలా?

నిడివి: పాలిఫాక్స్ 14 పుస్తకాలు, 1966 నుంచి 2000 వరకు. స్మైలీ కనిపించేవి 9, 1961 నుంచి 2017 వరకు.

వరుస: పాలిఫాక్స్‌లో ఏ కథకా కథే. మొదటిది చదివాక చేతికందినది తీసుకోవచ్చు. స్మైలీ విషయంలో 1974, 77, 79లలో వచ్చిన మూడూ మాత్రం వరుసగానే చదవాలి.

శ్రమ: అసలు తేడా ఇక్కడే. పాలిఫాక్స్ ఓ నడివయసు దాటిన వితంతువు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఏమీ తోచక నేరుగా సీఐఏ ఆఫీసుకెళ్లి గూఢచారి ఉద్యోగం అడుగుతుంది! మెక్సికోలో చిన్న పని అని పంపితే అల్బేనియాలో బందీగా తేలుతుంది. ఇదంతా నమ్మగలమా అంటే, నమ్మాలన్న పట్టుదల ఎవరికీ ఉండదు. లె కారే అలా కాదు. ఎవరు ఎవరిని మోసం చేస్తున్నారో తేలక వెనక్కి తిప్పి మళ్లీ చదవాల్సి వస్తుంది.

రిస్క్: పాలిఫాక్స్ వరసపెట్టి చదివితే ఒకే మూస అనిపిస్తుంది. స్మైలీని యాభై పేజీల దగ్గరే వదిలేసే ప్రమాదముంది.

ప్రయాణాల్లో, పని ఒత్తిడిలో ఉంటే పాలిఫాక్స్ మొదలుపెట్టండి. మొదటి పుస్తకం నచ్చకపోతే మిగతావి వద్దు. తీరిక, ఓపిక రెండూ ఉంటే స్మైలీ.